వీధి బాగుచేద్దామని దిగేవాళ్లకు: తరచూ అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున ఆరింటికి చీపుళ్లు, పారలు, గంపలు పట్టుకుని నలుగురు వీధిలోకి దిగితే ఐదో మనిషి తప్పకుండా ఓ మాట అడుగుతాడు: "దీనికి పర్మిషన్ ఉందా?" ఆ మాటతోనే కొన్ని గుంపులు వెనక్కి పోతాయి. ఇంకొన్ని అసలు ఎవర్నీ అడగకుండా గోడలకు రంగులేసి, బండ్లు తీయించి, పార్కుకు తాళం వేసుకుంటాయి. మా కాలనీ గుంపుతో కొన్నేళ్లుగా తిరుగుతున్నదాన్ని గనక ఈ రెండు రకాలనూ దగ్గర్నుంచి చూశాను. కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలివి.

వీధి ఊడవడానికి ఎవరి అనుమతి కావాలి?

చీపురు పట్టుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పర్యావరణాన్ని కాపాడటం పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణమే చెబుతోంది. 1976లో 42వ సవరణతో చేర్చిన మాట అది. అయితే తవ్వాలన్నా, రంగు వేయాలన్నా, రోడ్డు కాసేపు మూయాలన్నా, ఏదైనా కట్టాలన్నా, తీసేయాలన్నా అనుమతి తీసుకోవాల్సిందే. గడ్డపార వేసిన చోట కింద కరెంటు కేబుల్ ఉందో మంచినీళ్ల పైపు ఉందో మనకు తెలియదు. వంద మందికి పైగా జనాన్ని పోగుచేస్తుంటే మూడు పనిదినాల ముందే మున్సిపాలిటీకి చెప్పాలన్న నియమం ఘనవ్యర్థాల నిబంధనల్లోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ రోజు పని పెట్టుకుంటే పారిశుద్ధ్య సిబ్బంది, బండ్లు దొరకడం కాస్త తేలిక.

ఇది కార్పొరేషన్ పని కదా? మేం చేస్తే వాళ్లు చేతులు దులుపుకోరా?

ఈ భయం న్యాయమైనదే. మనం చెయ్యి వేసినంత మాత్రాన వాళ్ల బాధ్యత తీరిపోదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఓ వీధివాళ్లు తెరిచి ఉన్న మురికి కాలువల కంపు భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. "మా దగ్గర డబ్బుల్లేవు" అని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న ధర్మాసనం ఆ వాదనను ఒప్పుకోలేదు. ఖజానా ఖాళీగా ఉందని చెప్పి చట్టం అప్పగించిన కనీస బాధ్యత నుంచి తప్పించుకోవడానికి వీల్లేదని తేల్చింది. ఆ వీధివాళ్లు వాడుకున్నది సీఆర్‌పీసీ 133వ సెక్షన్. ఇప్పుడు అదే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది. మీ వీధికీ అది పనికొస్తుంది.

అంతదాకా పోకముందే సమాచార హక్కు ఉంది. 10 రూపాయల ఫీజు కట్టి, మా వీధికి ఎంతమంది పారిశుద్ధ్య కార్మికుల్ని కేటాయించారు, కాలువ పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు, దానికి ఎంత బిల్లయింది అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మేం ఒకసారి పూడిక గురించి అడిగితే, జవాబు రాకముందే పూడిక తీసే మనుషులు వచ్చారు.

మూలన చెత్త పాయింట్ పోవాలంటే?

ఊడ్చి ముగ్గు పెట్టడం మన ఊళ్లలో చాలామంది చేసే పనే. అది పనిచేస్తుంది, కానీ రోజూ పెట్టాలి. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆదివారం ముగ్గు వేస్తే సోమవారం ఉదయానికి దాని మీద మూడు కవర్లు పడి ఉన్నాయి. ఒకటి విప్పి చూశాం: కూర తొక్కలు, పాప డైపరు, రాత్రి తిని వదిలేసిన బిర్యానీ. వేస్తున్నదెవరా అని రెండు రాత్రులు కాపు కాశాం. రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి వచ్చే కుర్రాళ్లు, వెనక సందులో అద్దెకున్నవాళ్లు. చెత్త ఆటో వచ్చే పొద్దున ఏడింటికి వాళ్లు పడుకుని ఉంటారు. ఆటో సాయంత్రం కూడా ఓ ట్రిప్పు వెయ్యాలని వార్డు ఆఫీసులో ఉత్తరం ఇచ్చి వెంటపడ్డాం. అది మొదలైన వారానికి కవర్లు ఆగిపోయాయి. ముగ్గు ఆ తర్వాతే నిలిచింది.

వేసేవాళ్ల ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పకండి, చెయ్యి చేసుకోకండి. జరిమానా వేసే అధికారం సిబ్బందిది. గోడకు దేవుడి పటాలు అతికిస్తే ఎవరూ అక్కడ పాడుచేయరని కొందరు సలహా ఇస్తారు. నాకైతే అది ఏమాత్రం నచ్చదు. పక్కన మరుగుదొడ్డి లేకపోతే జనం ఆ గోడ వదిలి ఇంకో గోడ వెతుక్కుంటారు, పటాలు దుమ్ములో మిగులుతాయి.

ఊడ్చిన ఆకులు తగలబెట్టొచ్చా?

కూడదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు తీర్పు ప్రకారం బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, భారీ ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా. పార్కు మూల గొయ్యి తీసి, ఆకుల మీద కాస్త పేడనీళ్లు చల్లి మట్టి కప్పితే కొన్ని నెలల్లో ఎరువవుతుంది.

ఏ మొక్కలు నాటాలి? అడ్డొచ్చిన చెట్టు కొట్టేయొచ్చా?

త్వరగా పచ్చగా కనబడాలన్న తొందరే మొక్కల విషయంలో మన కొంప ముంచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను కూల్చేశాక, పచ్చదనం వెంటనే తిరిగి రావాలని ఏడాకుల పాల మొక్కలు వీధి వీధినా నాటారు. చలికాలం మొదట్లో అవి పూస్తే రాత్రిళ్లు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం వస్తున్నాయని జనం ఇప్పటికీ ఫిర్యాదు చేస్తున్నారు. కోనోకార్పస్ సంగతీ అంతే: 2022లో తెలంగాణ నర్సరీల్లో దాన్ని పెంచొద్దన్నారు, 2023లో గుజరాత్ నిషేధించింది. కానుగ, వేప, పొగడ, నేరేడు నాటండి. ఆలస్యమైనా మన మట్టికి అలవాటైనవి. కరెంటు తీగల కింద మాత్రం పెద్దయ్యే చెట్టు వద్దు. మందారం, తంగేడు లాంటివి చాలు. మొక్కలు, ట్రీగార్డుల కోసం ముందు మున్సిపాలిటీనే అడగండి. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి.

మొదలు చుట్టూ చక్కగా సిమెంటు గుండ్రం కట్టి సున్నం వేయడం అందమనుకుంటాం. దాంతో వేరుకు నీరూ గాలీ అందవు. మా వీధిలో ఓ కానుగ చెట్టు అలాగే ఎండుతుంటే సుత్తితో సిమెంటు పగలగొట్టాం. కింద మట్టి పిడచ కట్టి, గోటితో గీకినా రాలేదు. వానాకాలం పోయేసరికి కొత్త చిగురు వేసింది. ఢిల్లీలో చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయాలనీ, బోర్డులూ మేకులూ పీకేయాలనీ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తప్పనిసరి, అది మీ ఇంటి ముందున్నా సరే. తీగలకు తగిలే కొమ్మల్ని మీరు ముట్టుకోకండి. లైన్ క్లియర్ తీసుకుని విద్యుత్ సిబ్బందే కొట్టాలి.

గోడల మీద బొమ్మలు వేయొచ్చా?

గోడ ఎవరిదో వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే. ప్రభుత్వ గోడైతే ఆ శాఖది, ఫ్లైఓవర్ స్తంభమైతే కార్పొరేషన్‌ది. బహిరంగ ప్రదేశాలను పాడుచేయకుండా 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం పోస్టర్లు, రాతలు, ప్రకటనల మీద పనిచేస్తుంది. రంగులిచ్చిన దుకాణం తన పేరు గోడంతా రాయమంటే మీ బొమ్మ ప్రకటనైపోతుంది.

ఇడ్లీ బండ్లు, పూలబుట్టలు తీసేస్తేగాని వీధి అందంగా ఉండదంటున్నారు. తీయించొచ్చా?

మీకు ఆ హక్కు లేదు. ఈ జవాబు కాస్త పెద్దదే, ఎందుకంటే మన అందాల పనిలో ఎక్కువగా నష్టపోయేది వీళ్లే.

2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఏ బండినీ ఖాళీ చేయించకూడదు. తర్వాతైనా వేరే చోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకు అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలన్న విషయంలో పట్టణ వెండింగ్ కమిటీ మాట ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వాళ్లలో మూడో వంతు మహిళలు. కాలనీ సంఘాలకూ అందులో చోటుంది. అభ్యంతరాలుంటే అక్కడ చెప్పండి.

మా గుంపు మొదటి ఏడాది ఓ గోడకు రంగులేసింది. దాని ముందు పదేళ్లుగా ఇడ్లీ బండి పెట్టుకున్న అక్కను "రెండ్రోజులు పక్కకు జరుగమ్మా" అన్నాం. రంగు ఆరాక ఆమె తిరిగొస్తే, బొమ్మలు కనబడవని మాలో కొందరు ఒప్పుకోలేదు. ఆమె వాదించలేదు. స్టవ్వూ, ఇడ్లీ పాత్రా బండి మీదికెత్తి తోసుకుంటూ పోయింది. నెల రోజులకు ఆ గోడ కిందే చెత్త మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చి ఆ నాలుగు గజాలూ ఊడ్చి నీళ్లు చల్లింది ఆమేనని అప్పుడు తెలిసొచ్చింది. వెతుక్కుంటూ వెళ్లి, తప్పయిందక్కా అని చెప్పి పిలుచుకొచ్చాం. అప్పట్నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు మాట్లాడేది ఆ చోట బతుకుతున్నవాళ్లతోనే.

మ్యాన్‌హోల్ పొంగుతోంది. అయిదొందలిచ్చి ఎవరినైనా దింపొచ్చా?

వద్దు. ఎంత కంపు కొట్టినా వద్దు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలూ జాగ్రత్తలూ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దింపింది కార్పొరేషన్ అయినా కాలనీ సంఘమైనా చట్టం ఒకటే. లోపల కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువు ఉంటుంది. అది మరీ ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. కాపాడటానికి దిగిన రెండో మనిషి ప్రాణమూ పోతుంది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313. యంత్రం వచ్చేదాకా మూత చుట్టూ కొమ్మలు పాతి, ఎర్రగుడ్డ కట్టి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

పార్కు మేమే బాగుచేశాం. తాళం మా దగ్గర పెట్టుకోవచ్చా?

లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు చేరుతుంది, అది అందరిదీ. వేళలు పెట్టుకోవచ్చు, అదీ మున్సిపాలిటీతో రాతకోతలు చేసుకున్నాకే. వెనక బస్తీ పిల్లల్ని లోపలికి రానివ్వకుండా ఆపే హక్కు ఎవరికీ లేదు. కాలనీ రోడ్డుకు గేట్లు, సొంతంగా పోసుకునే స్పీడ్ బ్రేకర్లూ ఇంతే.

అందరిదైన చోటును కాపాడుకునే హక్కు మాత్రం మీకు నిండుగా ఉంది. బెంగళూరులో పార్కు జాగాను ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లారు. "మీకేం సంబంధం?" అన్న వాదనను 1991లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ముద్దప్ప కేసు అంటే ఏ న్యాయవాదికైనా తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మా బాబాయి కాలనీ సంఘానికి డబ్బు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?

పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. ఇంకా భారత పౌరుడే అయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉంటే తప్ప సంఘం తీసుకోకూడదు. మన దగ్గర దాదాపు ప్రతి వీధికీ ఓ బాబాయి అక్కడున్నాడు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

సంఘం రిజిస్ట్రేషన్‌కు 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. చేతి ఖర్చులకు సైతం రసీదు పుస్తకం పెట్టుకోండి, నెలకోసారి లెక్క నోటీసు బోర్డు మీద అంటించండి.

పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే?

స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకు ఉద్యోగుల పరిహారం వర్తించదు. 18 నుంచి 70 ఏళ్లవాళ్లయితే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూసుకోండి: ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. గాజుపెంకులు, సూదులున్న చెత్తలోకి పిల్లల్ని పంపొద్దు. మందపాటి చేతొడుగులు, బూట్లు సంఘం డబ్బుతోనే కొనండి, మీ పక్కన పనిచేసే పారిశుద్ధ్య కార్మికులకూ ఇవ్వండి.

వార్డు ఆఫీసుకు ఇచ్చే ఉత్తరంలో ఏం రాయాలి?

తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎంతమంది, ఏ పని, పోగైన చెత్త ఎత్తడానికి బండి ఏ గంటకు కావాలి. ఒక పేజీ చాలు. రెండు కాపీలు తీసుకెళ్లండి. "ఇక్కడ పెట్టి వెళ్లండి" అంటారు. రెండో కాపీ మీద తేదీతో స్టాంపు, సంతకం పడేదాకా అక్కడే కూర్చోండి.