ఐగుప్తునకు వెళ్లవచ్చునా?

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 12:10–20; 26:1–22; 46:1–7; యిర్మీయా 42, 43 అధ్యాయములు.



మన గ్రామ సంఘములలో ఇప్పుడు పెండ్లి మాటల తరువాత ఎక్కువగా వినబడునది ప్రయాణపు మాటయే. కువైటు, మస్కటు, దుబాయి, కతారు అను పేర్లు చిన్నపిల్లలకు సైతము నోటికి వచ్చియున్నవి. గోదావరి జిల్లాలలోను కడప సీమలోను తల్లియో తండ్రియో అన్నయో సముద్రమునకు ఆవల నున్న యిల్లు ఒక్కటైనను లేని క్రైస్తవ పేట, మేమెరిగినంతలో, అరుదు. చదువుకొన్న బిడ్డలు అమెరికా, ఆస్ట్రేలియాల వైపు చూచుచున్నారు. "వెళ్లవచ్చునా, అయ్యగారూ?" అని అడుగువారికి వాక్యము ఏమి చెప్పుచున్నదో ఈ నెల పాఠములో విచారింతము.

దేశము విడిచి పోవుట పాపమనియు, ఉన్న ఊరిలోనే ఉండుట భక్తియనియు బైబిలు చెప్పదు. దానికి తలక్రిందైన మాటయు చెప్పదు. ఇది తేటపడుటకు ఒక్క దేశమునే తీసికొందము. కనానులో కరవు వచ్చినప్పుడెల్ల జనులు ఐగుప్తు వైపు చూచిరి. దానికి కారణము నీరు. కనాను ఆకాశపు వానను నమ్ముకొన్న మెట్ట. ఐగుప్తు నైలునది వరద మీద పండు పల్లము (ద్వితీయోపదేశకాండము 11:10–11 చూడుడి). ఆ వరద ఎక్కడో ఎగువనున్న ఇథియోపియా కొండల వానలవలన వచ్చును గనుక, కనాను ఎండిపోయినను అక్కడ గింజ దొరికెడిది. కాలువ క్రింద భూమి గలవానికిని చెరువు క్రింద మెట్ట గలవానికిని గల భేదమే యిది. ఆకలిగొన్నవాడు అటు చూచినందుకు మేము తప్పు పట్టము.

మొదట వెళ్లినవాడు అబ్రాము. షెకెములోను బేతేలు దగ్గరను అతడు బలిపీఠములు కట్టినట్లు చదువుచున్నాము. కరవు వచ్చినప్పుడు మాత్రము అతడు దేవునిని అడిగినట్టు వ్రాయబడలేదు; ఐగుప్తులో బలిపీఠము కట్టినట్టును వ్రాయబడలేదు. అక్కడ ఏమి జరిగెనో మీరెరుగుదురు. భార్యను చెల్లెలని చెప్పెను, ఆమె ఫరో యింటికి కొనిపోబడెను. ప్రయాణము అబ్రాముది, అపాయము శారయిది. అతనికి మాత్రము గొఱ్ఱెలు, గాడిదలు, ఒంటెలు, దాసదాసీలు దొరికిరి. సంపాదన లేని ప్రయాణము కాదది. కాని దాని వెల ఎవరు చెల్లించిరి? మన యిండ్లలోను ఈ ప్రశ్న అడుగవలసియున్నది. ఎవరు వెళ్లుదురో వారే కొన్నిసార్లు వెల చెల్లింతురు. కొన్నిసార్లు ఇంటివద్ద మిగిలిన పసిబిడ్డ చెల్లించును.

ఇంకొకటి కనిపెట్టుడి. అబ్రాముతో లోతుకూడ తిరిగి వచ్చెను. తరువాతి అధ్యాయములో లోతు కన్నులెత్తి యొర్దాను మైదానమును చూచినప్పుడు అది అతనికి ఐగుప్తువలె కనబడినదని వ్రాయబడినది (13:10). ఐగుప్తును విడిచివచ్చినను ఐగుప్తు అతని కంటిలోనే యున్నది. ఒకసారి వెళ్లి వచ్చినవానికి ఊరి పొలము చిన్నదిగా కనబడుట మనమును చూచుచున్నాము.

రెండవవాడు ఇస్సాకు. అదే దేశము, అటువంటి కరవే. ఈసారి ప్రభువు ఐగుప్తునకు దిగిపోవద్దని అడ్డగించెను. అడ్డగించి ఊరకుండలేదు, నీకు తోడైయుందునని మాట యిచ్చెను. ఇస్సాకు గెరారులో విత్తనము వేసి ఆ యేడే నూరంతలు పంట చూచెను. ఈ వచనము మీద ప్రసంగించువారు అక్కడనే ఆగిపోవుట తరచుగా వినుచున్నాము. దాని తరువాత నున్నది చదువరేమి? పొరుగువారు అసూయపడి, అబ్రాహాము త్రవ్వించిన బావులను మంటితో పూడ్చిరి. ఇస్సాకు దాసులు త్రవ్విన బావికి జగడము, మరియొక దానికి జగడము; ఏశెకు, శిత్నా అని ఆ జగడములే ఆ బావుల పేర్లాయెను. మూడవ బావి దగ్గర గాని జగడము మానలేదు. ఉండుమని చెప్పబడినవానికి సులభమైన దారి దొరకలేదు. నీళ్లు పడువరకు గునపము దింపకుండ త్రవ్వుటయే అతని పని ఆయెను.

మూడవవాడు యాకోబు. నూట ముప్పది యేండ్ల ముసలివాడు. యోసేపు బ్రదికియున్నాడని విని, పంపబడిన బండ్లను కన్నులార చూచి, బయలుదేరెను. అయితే దేశపు దక్షిణపు అంచుననున్న బెయేర్షెబాలో ఆగి బలులర్పించెను. ఆ రాత్రి దేవుడు అతనితో మాటలాడి, భయపడక వెళ్లుమనియు, తాను తోడు వచ్చెదననియు, తిరిగి తీసికొని వచ్చెదననియు తెలిపెను. కుమారునికి వద్దనిన దేశమునకే మనుమనిని పొమ్మనెను! కావున "ఫలానివారు వెళ్లి బాగుపడిరి, మనమును వెళ్లుదము" అనుటకును, "ఫలానివారు వెళ్లి చెడిరి, మనము వెళ్లరాదు" అనుటకును ఈ రెండు అధ్యాయములలో ఆధారము లేదు. యాకోబు తన యింటివారినందరిని, డెబ్బదిమందిని, వెంటబెట్టుకొని వెళ్లెను అనునదియు మరువరాదు. భార్యను, మూడేండ్ల బిడ్డను విడిచి వెళ్లువాడు యాకోబు ప్రయాణమును తన ప్రయాణముతో పోల్చుకొనుటకు ముందు కొంచెము ఆలోచింపవలెను.

నాలుగవ గుంపు మనకు మిక్కిలి దగ్గరవారు. యెరూషలేము కూలిన తరువాత మిగిలిన జనులు కారేహ కుమారుడైన యోహానానుతో కూడి యిర్మీయా యొద్దకు వచ్చి, మేము నడువవలసిన మార్గమును ప్రభువు నడిగి చెప్పుము, మంచిదైనను చెడ్డదైనను విందుమని ప్రమాణము చేసిరి. ప్రవక్త ప్రార్థించెను. జవాబు పది దినములకు గాని రాలేదు. వెళ్లవద్దు, ఈ దేశములోనే ఉండుడని వచ్చెను. వెంటనే వారు, నీవు అబద్ధమాడుచున్నావనిరి. ఏల? నలువది యొకటవ అధ్యాయము చివర చూడుడి. వారు అప్పటికే ఐగుప్తునకు పోవలెనని బయలుదేరి బేత్లెహేము దగ్గర గెరూతు కింహాములో బస చేసియున్నారు. మూట కట్టిన తరువాత ప్రార్థన అడిగిరి.

మా వంటి కాపరులయొద్దకు వచ్చువారిలో చాలమంది గెరూతు కింహామునుండి వచ్చువారే. ఇరువది యేడేండ్ల యొక సహోదరి యిద్దరు బిడ్డలను చెరియొక చేత పట్టుకొని వచ్చి, "అయ్యగారండీ, మంగళారం ఇమానం. ప్రార్థన చేసి పంపండి" అనెను. విచారింపగా, భర్త జబ్బునకు చేసిన అప్పు వడ్డీతో పెరిగియున్నది. ఏజెంటునకు ముందుగా డబ్బు ముట్టినది. చేతిలో నున్నది సందర్శన వీసా. దుబాయిలో దిగిన తరువాత అక్కడనుండి వేరొక దేశమునకు ఇంటిపనికి దాటించెదనని అతడు చెప్పియున్నాడు. "అమ్మా, ప్రార్థన చేసెదము. ప్రభువు వద్దనిన యెడల ఆగుదువా?" అని అడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నేనాగితే అప్పోడు ఆగుతాడేటండీ?" అనెను.

ఆ ప్రశ్నకు ప్రసంగముతో జవాబు చెప్పుట తగదు. వద్దనిన దేవుడు ఇస్సాకుతో తోడైయుందునని కూడ చెప్పెను. వద్దని చెప్పి చేతులు దులుపుకొను సంఘము ఆ మాటలో సగమే చెప్పినదగును. ఆ రాత్రి పెద్దలు కూడిరి. మరునాడు నలుగురు అప్పిచ్చినవాని యింటికి వెళ్లిరి. రెండు గడియలు కూర్చుండిన తరువాత అతడు వడ్డీలో సగము తగ్గించి, నెలనెలకు కట్టుకొనుటకు ఒప్పుకొనెను. స్త్రీల సమాజమువారు కుట్టు మిషను కొనియిచ్చిరి. ఏజెంటునకు ఇచ్చిన డబ్బులో కొంచెమే తిరిగివచ్చినది. అప్పు ఇంకను తీరలేదు. ఆమె పాస్‌పోర్టు పెట్టెలోనే యున్నది. ముప్పదేండ్లు నిండిన తరువాత సక్రమమైన మార్గమున వెళ్లుదునేమో అని ఇప్పుడును అనుచున్నది. ఆమె అట్లనుట తప్పని మేము చెప్పలేదు.

ముప్పదేండ్లని యేల అంటిమనగా, అది చట్టపు మాట. పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు సాధారణముగా ఇ.సి.ఆర్. తరగతికి చెందును. అట్టివారు గల్ఫు దేశములతో కూడ 18 దేశములకు పనికై వెళ్లవలెనన్న, 1983 నాటి వలస చట్టము చొప్పున వలస అధికారి అనుమతి పొందవలెను. ఇంటిపనికి వెళ్లు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. ఆ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన అను బీమాయు చేయింతురు. ప్రమాదమున చనిపోయినను శాశ్వతముగా అంగహీనులైనను 10 లక్షల రూపాయలు వచ్చును. సందర్శన వీసా మీద పనికి వెళ్లువారికి ఈ కాపుదల యేదియు లేదు. లైసెన్సు గల ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలును దానిపై పన్నును మించి తీసికొనరాదు. లక్ష, రెండు లక్షలు అడుగువాడు ఎటువంటివాడో మీరే నిర్ణయించుకొనుడి. కువైటులో ఇంటిపనివారికై 2015లో చేసిన చట్టము దినమునకు 12 గంటలను మించి పని చేయింపరాదనియు, వారమునకొక సెలవు ఇయ్యవలెననియు చెప్పుచున్నది. అందరు యజమానులు దానిని పాటింతురని మేము చెప్పలేము. అయినను తన హక్కు తెలిసినవారు తెలియనివారివలె చిక్కుపడరు. ఇరువదవ నెంబరు వీసా అనగా ఇంటిపనిది, పదునెనిమిదవది కంపెనీది. ఏది మీదో అరబ్బీ రాని మీరు ఎక్కకముందే చదివించుకొనుడి. "ఆజాదు వీసా" అని తియ్యగా చెప్పుదురే, అట్టి వీసా చట్టములో లేదు.

దేశము భద్రమైనదని యెవరును ముందుగా చెప్పలేరు. మన పూర్వులు రంగము అని పిలిచిన రంగూనుకు కోరంగి రేవునుండి గుంపులు గుంపులుగా వెళ్లిరి. 1942లో జపానువారు బర్మాలోనికి వచ్చినప్పుడు అనేకులు అడవులగుండ నడిచి తిరిగివచ్చిరి. త్రోవలో రాలిపోయినవారును గలరు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును పట్టుకొనగా సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములపై స్వదేశమునకు చేర్చవలసివచ్చెను. భయపెట్టుటకు ఇది వ్రాయుట లేదు. అక్కడ దాచినదంతయు అక్కడనే ఉంచుకొనకుడని చెప్పుటకే వ్రాయుచున్నాము.

రూతు గ్రంథమును గూర్చి ఒక మాట. ఎలీమెలెకు మోయాబునకు వెళ్లినందున దేవుడు అతనిని, అతని కుమారులను చంపెనని కొందరు బోధింతురు. గ్రంథము అట్లు చెప్పలేదు. శవపేటికయై తిరిగివచ్చిన బిడ్డ తల్లి ముందర అట్టి బోధ చేయువారు నయోమి యింటి గడప ఎక్కుటకు తగినవారు కారు. మరియు వేదికలమీద వీసా వచ్చినవారి సాక్ష్యములు వినుచున్నాము. రానివాని సాక్ష్యమును ఎవరును పిలిచి చెప్పించరు. ఇందులో కాపరులకును శోధన యున్నది. గల్ఫునుండి వచ్చు కానుకతో గుడి కప్పు వేయించుకొన్న తరువాత, వెళ్లువానిని నిలిపి ప్రశ్నించు నోరు రాదు.

మంచిగా వెళ్లి మంచిగా నడుచుకొనువారును గలరు. మా సంఘస్థుడొకడు డ్రైవరుగా పదునొకండేండ్లు కువైటులో నున్నాడు. వెళ్లకముందు భార్యతో, తల్లిదండ్రులతో కూర్చుండి, ఎన్నేండ్లు ఉండవలెనో, ఏ పని తీరిన తరువాత తిరిగి రావలెనో ఒక కాగితముమీద వ్రాసికొనెను. అనుకొన్న యేండ్లు దాటినవి, అది నిజమే. అయితే దాటినప్పుడెల్ల ఇంటివారిని అడిగియే దాటెను. అక్కడ శుక్రవారము సెలవు గనుక ఆ దినమున తెలుగువారితో కూడి ఆరాధించును. కువైటు పట్టణములో నేషనల్ ఎవాంజలికల్ చర్చి ఆవరణమున పలు భాషలవారు వంతులవారీగా కూడుకొందురు. సౌదీ అరేబియాలో గుడి లేదు, బహిరంగముగా ఆరాధించుటకు సెలవు లేదు. విశ్వాసికి ఇదియు లెక్కలో చేర్చుకొనవలసిన సంగతియే. జీతమును మాత్రమే లెక్కించువారు దీనిని మరతురు.

ఇప్పుడు యిర్మీయా యొద్దకు మరల రండి. జనులు అతని మాట త్రోసివేసి ఐగుప్తునకు వెళ్లిరి. ముసలి ప్రవక్తనుకూడ తీసికొనిపోయిరి (43:6). వద్దన్నవాడే వారితో తహపనేసు చేరెను, అక్కడను వారికి వాక్యము చెప్పెను. మాట వినలేదని వారిని విడువలేదు.

మన తెలుగు సంఘములలోను ఇట్టి కథ యొకటి గలదు. మద్రాసునుండి వచ్చిన ట్రూరో అను ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని నాటాలు దేశమున చెరకు తోటలకు మొదటి ఒప్పందపు కూలీలను దించెను. తరువాతి యేండ్లలో ఐదేండ్ల ఒప్పందము మీద వెళ్లినవారిలో తెలుగు బాప్తిస్టు విశ్వాసులును ఉండిరి. వారికి కాపరి లేడు. అప్పుడు మన తెలుగు బాప్తిస్టు సంఘములవారే, తమ చిల్లర కానుకలతో, 1903లో నెల్లూరు ప్రాంతపువాడైన జాన్ రంగయ్యగారిని వారియొద్దకు మిషనరీగా పంపిరి. తాము కూలి చేసి బ్రదుకు సంఘములు సముద్రము దాటి కాపరిని పంపినవి.

కావున ప్రతి సంఘములోను దూరదేశములలో నున్న మనవారి పేర్లు, ఊళ్లు, వారి యింటివద్ద మిగిలిన పిల్లల పేర్లు ఒక పుస్తకములో వ్రాయించి, నెల మొదటి ఆదివారమున చదివి ప్రార్థింపవలెనని పెద్దలను కోరుచున్నాము. ఆ పిల్లలు ఎవరియొద్ద తినుచున్నారో, బడికి పోవుచున్నారో లేదో ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఇంటికి వెళ్లి చూడవలెను. ఇక మీలో యెవరైనను వెళ్లదలచియున్నయెడల, ఏజెంటునకు రూపాయి ముట్టకముందే వీసా కాగితమును, ఒప్పంద కాగితమును తీసికొని మా యొద్దకో మీ పెద్దలయొద్దకో రండి. పది దినములు ఓపిక పట్టుడి. యిర్మీయాకును అంత కాలము పట్టినది.