ప్రసవ వేదనకు ఉపశమనము – విశ్వాసి ఏమి తలంచవలెను?

చదువవలసిన భాగములు: ఆదికాండము 2:21, 3:16-19, యోహాను 16:21, గలతీయులకు 6:2.



పురుటికి వచ్చిన కుమార్తెల విషయమై మన సంఘములలో ఈ ప్రశ్న వినబడుచున్నది: నొప్పులు ఆరంభమైనప్పుడే నడుములో ఎపిడ్యూరల్ సూది వేయించుకొనవచ్చునా? అది దేవుడు నియమించిన వేదనను తప్పించుకొనుట కాదా?

1. లేఖనము ఏమి బోధించుచున్నది?

ఆది 3:16లో స్త్రీ వేదనకును, 3:17లో ఆదాము ప్రయాసకును హెబ్రీ మూలములో ఒకే మాట వాడబడినది. పురుషుడు ట్రాక్టరుతో దున్ని తన ప్రయాస తగ్గించుకొనిన మనము పాపమనము. స్త్రీకిని అదే కొలత వాడవలెను. ఆ వచనము పాపఫలితమును తెలుపుచున్నది గాని ఉపశమనమును నిషేధించుట లేదు.

1847లో ఎడింబరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ కానుపులలో ఈథరు, పిమ్మట క్లోరోఫారము వాడినప్పుడు ఇట్టి అభ్యంతరమే వచ్చెను. ఆదాము ప్రక్కటెముకను తీయకముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెనని ఆయన ఆది 2:21 చూపి జవాబు వ్రాసెను. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదవ కానుపులో క్లోరోఫారము తీసికొనెను.

2. ఈ సూది ఏమి చేయును?

మత్తు డాక్టరు నడుము దగ్గర వెన్నుపూసల సందున సన్నని గొట్టము అమర్చి, దాని ద్వారా మందు ఎక్కించును. నొప్పి తగ్గును, తల్లి మెలకువగానే యుండును.

గర్భాశయ ద్వారము నాలుగు సెంటీమీటర్లు తెరచుకొనకముందే ఇచ్చినయెడల ఆపరేషన్ కానుపులు పెరుగునని పూర్వము తలంచెడివారు. 2005లో చికాగోలో ఏడు వందలకు పైబడిన తొలిచూలు స్త్రీలపై జరిగిన పరిశోధన ప్రకటింపబడెను. ఆరంభములోనే నడుము ద్వారా మందు పొందినవారిలో ఆపరేషన్లు పెరగలేదు. తరువాతి పరిశోధనలును అట్లే చూపినవి. గనుక నొప్పులు నిజముగా మొదలైన స్త్రీ అడిగినప్పుడు, ఇంకా వేళ కాలేదను మాట ఒక్కటే అడ్డు కారాదు.

ఇబ్బందులు లేకపోలేదు. రక్తపోటు పడిపోవుట, జ్వరము, దురద, మూత్రము బిగియుట కలుగవచ్చును. సుమారు నూటికి ఒకరికి తీవ్రమైన తలనొప్పి వచ్చును. ముక్కి కను సమయము కొంత పొడుగగును. జీవితమంతా నడుమునొప్పి ఉండునను భయమునకు మాత్రము ఆధారము లేదు. రక్తము సరిగా గడ్డకట్టని వారికి, రక్తము పలుచన చేయు మందులు వాడువారికి, సూది వేయుచోట పుండు ఉన్నవారికి సాధారణముగా ఇవ్వరు.

3. మనము చేయవలసినది

అ) ఏడవ నెలలోనే ఆసుపత్రిలో విచారించుడి. మత్తు డాక్టరు రాత్రివేళ ఉండునా? ఖర్చెంత? ఈ సదుపాయము అన్నిచోట్ల దొరకదు.

ఆ) నొప్పులలో పరభాష నోటికి రాదు. కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా, ఏది అక్కడి భాషయైతే అది బాగుగా వచ్చిన స్త్రీని తోడు ఉంచుడి.

ఇ) నిర్ణయము కనునామెదే. మేము ఓర్చుకొనలేదా అని అత్తగారు గాని తల్లి గాని అడ్డుపడరాదు. వద్దన్నవారిని బలవంతము చేయరాదు. సూది వేయించుకొన్న సహోదరి అల్పవిశ్వాసి కాదు. వేయించుకొననిది అధిక విశ్వాసియు కాదు.

యోహాను 16:21లో ప్రభువు కనుచున్న స్త్రీ వేదనను గుర్తెరిగి మాటలాడెను గాని ఆమెను గద్దింపలేదు. ఒకరి భారము నొకరము మోయుమను ఆజ్ఞ పురిటి గదికిని చెందును.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. ఆది 3:16ను స్త్రీకి ఒక విధముగాను, 3:17ను పురుషునికి వేరొక విధముగాను మనము అన్వయించుచున్నామా?
2. మన సంఘములో గర్భవతియైన సహోదరికి ఆసుపత్రిలో తోడుండగలవారెవరు?