మెకానికల్, మెకట్రానిక్స్‌లో రీసెర్చ్ పీజీ: ఓవర్సీస్ విద్యానిధికి దరఖాస్తు పెట్టే ముందు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మెకానికల్, మెకట్రానిక్స్, ఈఈఈ, ఈసీఈ బీటెక్ చేసిన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఈ పాఠం. నిదానంగా చదవండి. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి, ఎందుకంటే అప్పు కాగితం మీద సంతకం పెట్టేది వాళ్లే.

ముందు ఏ పీజీయో తేల్చుకోండి

"కెనడాలో ఎమ్మెస్ చేస్తా" అంటే సరిపోదు. అక్కడ ఇంజినీరింగ్ పీజీ రెండు తీర్లుగా ఉంటది. ఉదాహరణకు ఒంటారియోలోని వాటర్లూ యూనివర్సిటీలో మెకానికల్, మెకట్రానిక్స్ రెండూ కలిపి ఒకే డిపార్ట్‌మెంట్ ఉంది. అందులో ఎంఇంగ్ అనేది క్లాసులు విని, పరీక్షలు రాసే కోర్సు. ఎంఏఎస్‌సీ అనేది పరిశోధన కోర్సు. కొన్ని క్లాసులు ఉంటాయి, కానీ అసలు పని ల్యాబులో ఒక సమస్య పట్టుకుని థీసిస్ రాయడం. ఎంఏఎస్‌సీకి మార్కులు ఒక్కటే చాలవు. మిమ్మల్ని తన దగ్గర చేర్చుకుంటానని ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. అట్లా ఒప్పుకున్నోళ్లకు రీసెర్చ్ అసిస్టెంట్‌గానో, టీచింగ్ అసిస్టెంట్‌గానో కొంత డబ్బు వస్తది. ఎంఇంగ్‌లో ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఏజెంట్లు ఎక్కువగా చూపెట్టేది క్లాసుల కోర్సులే. సీటు తొందరగా వస్తది, ఫీజు మొత్తం మీ మీద పడ్తది. రెండు ఎకరాలు కుదువ పెట్టి పోయే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

ప్రొఫెసర్‌కు ఏమని రాయాలి?

"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్" అని వంద మందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. ఆయన ఈమధ్య రాసిన పేపర్లు రెండు చదవండి. తర్వాత మీ దగ్గరున్న సమస్య ఒకటి చెప్పండి. సమస్య కోసం దూరం పోవాల్సిన పని లేదు.

ఆదిలాబాద్ పత్తినే చూడండి. కాయలన్నీ ఒక్కసారే పగలవు, అందుకే కూలీలు మూడు నాలుగు విడతలు చేనంతా తిరిగి ఏరుతరు. పెద్ద హార్వెస్టర్ ఒక్కసారే లాగేస్తది, పచ్చికాయను ఆగి చూడదు. మరి పగిలిన కాయను కెమెరాతో గుర్తుపట్టి, దాన్నే తీసే చిన్న చేయి కావాలంటే ఏం కావాలి? చేయి తయారీ మెకానికల్, సెన్సర్ ఎలక్ట్రానిక్స్, నిర్ణయం చెప్పేది ప్రోగ్రాం. ఈ మూడూ కలిసినదే మెకట్రానిక్స్. గాలికి మొక్క ఊగుతుంటే చేయి గురి తప్పకుండా ఎట్లా ఆపాలి అనేది కంట్రోల్ సమస్య, అచ్చంగా థీసిస్‌కు సరిపోయే ప్రశ్న. సింగరేణి కన్వేయర్‌లో రోలర్ బేరింగ్ పాడయ్యే ముందే వేడి, చప్పుడు బట్టి కనిపెట్టడం ఇంకొకటి. సిరిసిల్ల మరమగ్గంలో పోగు తెగగానే ఆగే ఏర్పాటు మరొకటి. బీటెక్ ప్రాజెక్టు దుకాణంలో కొన్నది అయితే ఆ సంగతి మొదటి వీడియో కాల్‌లోనే బయటపడ్తది. చిన్నదైనా సొంతంగా చేసింది చూపండి.

పథకం ఎంత ఇస్తది, ఎప్పుడు ఇస్తది?

ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు, దాంతోపాటు ఒకవైపు విమాన చార్జీ. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, ఇంగ్లిషు పరీక్ష స్కోరు, జీఆర్‌ఈ స్కోరు చూస్తారు. ఇంటికి ఒక్కరికే. దరఖాస్తు తెలంగాణ ఈపాస్ పోర్టల్‌లో. ఆ విడత నోటిఫికేషన్‌లో ఉన్న నిబంధనే మీకు వర్తిస్తది కాబట్టి అది తప్పక చూడండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి 10 లక్షలు మీరు ఆ దేశం చేరి, దిగినట్టు కాగితం పంపిన తర్వాతే. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపినాక. అంటే వీసా, మొదటి ఫీజు, చేతిఖర్చు మీరే ముందు పెట్టుకోవాలి. 10 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 20,000 మిత్తే కట్టాలి. అందుకే ముందు బ్యాంకు విద్యారుణం అడగండి, బయటి అప్పు ఆఖరుకు.

రీసెర్చ్ కోర్సు తీసుకున్నోళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. మొదటి టర్మంతా ల్యాబులోనే గడిపితే మార్కుల మెమోలో చూపడానికి ఏమీ ఉండదు. మీ ప్రొఫెసర్‌తో ముందే మాట్లాడి, మొదటి టర్మ్‌లోనే ఒకటి రెండు క్లాసుల కోర్సులు పెట్టించుకోండి.

జర్మనీ, ఇంకా మన దగ్గర

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. కానీ భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్, బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి.

విదేశమే పోవాలని కూడా లేదు. మద్రాస్ ఐఐటీలో ఎంఎస్ బై రీసెర్చ్ ఉంది, బెంగళూరు ఐఐఎస్సీలో ఎంటెక్ రీసెర్చ్ ఉంది. మామూలు ఎంటెక్‌కు వరంగల్ ఎన్ఐటీ, కందిలోని హైదరాబాద్ ఐఐటీ దగ్గరివే. గేట్ మీద చేరిన ఎంటెక్ విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. ఇంటి మీద అప్పు ఇప్పటికే ఉంటే ముందు గేట్ రాయమనే మా సలహా.

కాగితాలు

కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకోండి. పదో తరగతి నుంచి డిగ్రీ వరకు మెమోలు, పాస్‌పోర్ట్, వీసా, అడ్మిషన్ లెటర్, స్కోరు కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో మీ ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇవాళే చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వెరిఫికేషన్ దగ్గర ఫైలు ఆగుతది, దాన్ని సరిచేయించడానికి వారాలు పడ్తది.