హక్స్‌లీ మందు, కృష్ణమూర్తి ప్రశ్న

సైకెడెలిక్ అన్న మాటకి తెలుగులో స్థిరపడిన మాట ఇంకా లేదు. పేపర్లవాళ్ళు హెరాయిన్, గంజాయి, ఎల్‌ఎస్‌డీ అన్నిటినీ ‘మత్తుమందులు’ అనే ఒకే గంపలో వేసేస్తారు. మత్తు అంటే మగత, మైకం. ఎల్‌ఎస్‌డీ గానీ, కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ గానీ చేసే పని అది కాదు. రంగులు, శబ్దాలు, కాలం, చివరికి ‘నేను’ అనే భావం కూడా కొన్ని గంటలపాటు వేరేగా తోస్తాయి. పోనీ ‘భ్రాంతిజనకాలు’ అందామంటే, కనిపించినదంతా అబద్ధమనే తీర్పు ఆ మాటలోనే ఉంది. 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు రెండు గ్రీకు మాటలు కలిపి సైకెడెలిక్ అని పేరు పెట్టాడు. మనసును వెల్లడి చేసేది అని దాని అర్థం. ఇందులోనూ తీర్పు ఉంది, కాకపోతే అవతలి పక్షానిది.

వెల్లడయ్యేది నిజమేనా? ఈ ప్రశ్న దగ్గర ఇద్దరు స్నేహితులు చెరో దారి పట్టారు. అందులో ఒకరు మన తెలుగువారు, మన మద్రాసువారు కూడా: జిడ్డు కృష్ణమూర్తి.

1895లో మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తిని, తండ్రి దివ్యజ్ఞాన సమాజంలో పనికి చేరడంతో, అడయారు తీసుకొచ్చారు. 1909లో అడయారు బీచిలో లెడ్‌బీటర్ కంట పడ్డ ఆ పిల్లవాణ్ణి జగద్గురువుగా పెంచారు. 1929లో ఆయనే ఆ గురుపీఠాన్నీ, దాని కోసం ఏర్పడిన సంఘాన్నీ రద్దు చేసేశారు. (ఇంగ్లండు వెళ్ళాక ఆయన తెలుగు మరిచిపోయారు. మన శాఖ పత్రికలో ఈ ముక్క రాయకుండా ఉండలేను.) ఆ తర్వాత గ్రీన్‌వేస్ రోడ్డులోని వసంత విహార్ తోటలో చాలా ఏళ్ళు చలికాలం సాయంత్రాల్లో మాట్లాడారు. జనం చెట్ల కింద నేలమీద కూచుని వినేవారు.

రెండో స్నేహితుడు ఆల్డస్ హక్స్‌లీ. ఇద్దరికీ 1938లో కాలిఫోర్నియాలో పరిచయమైంది. హక్స్‌లీకి పదహారో ఏట జబ్బు చేసి చూపు దాదాపు పోయింది. కంటి కోసం తాను చేసే వ్యాయామాలు కృష్ణమూర్తికి నేర్పితే, ఆయన వాటిని ఏళ్ళ తరబడి చేశారు. అలాంటి చూపున్న మనిషి 1953 మే నెలలో ఆస్మండ్ ఇచ్చిన మెస్కలిన్ తీసుకుని, కూజాలోని మూడు పువ్వుల్నీ, తన ప్యాంటు మడతల్నీ చూసి ఆశ్చర్యంలో మునిగిపోయాడు. మెదడు ఒక జల్లెడ వంటిదనీ, బతకడానికి కావలసినంత మాత్రమే లోపలికి వదులుతుందనీ, మందు ఆ జల్లెడ కన్నాల్ని పెద్దవి చేస్తుందనీ ఆయన వాదన. ఆ అనుభవం రాసిన ‘ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్’ 1954లో వచ్చింది. అదే ఏడు కృష్ణమూర్తి ‘ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్’ కూడా వచ్చింది, దానికి ముందుమాట రాసింది ఈ హక్స్‌లీయే!

1960లలో ఎల్‌ఎస్‌డీ మోజు పెరిగాక కృష్ణమూర్తి ప్రసంగాల్లో ఆ ప్రస్తావన వస్తూ వచ్చింది. మందులు వద్దనే చెప్పారు. కానీ ఆ వద్దనడం మన పెద్దవాళ్ళు వద్దనే తీరులో కాదు. ఆయన అడిగిందేమిటంటే: నీకు దేవుడు కనిపించాడు సరే, ఆయన దేవుడని నువ్వెలా గుర్తుపట్టావు? గుర్తుపట్టావంటే ఆ బొమ్మ నీ దగ్గర ముందే ఉండాలి. అంటే బయటపడింది నీ జ్ఞాపకమే, నీ పెంపకమే. చిత్రకారుడికి రంగులు ఇంకా రంగుగా కనిపిస్తాయి, భక్తుడికి దేవుడు కనిపిస్తాడు. మందు దేన్నీ కొత్తగా తీసుకురాలేదు.

ఈ ప్రశ్న చేతిలో పెట్టుకుని పరిశోధనలు చదివితే కొన్ని సంగతులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 1962 గుడ్ ఫ్రైడే నాడు బోస్టన్ విశ్వవిద్యాలయంలోని మార్ష్ చాపెల్లో వాల్టర్ పాంకీ ఒక ప్రయోగం చేశాడు. ఇరవైమందిలో సగంమందికి సైలోసైబిన్, మిగతా సగానికి ఒంటికి వెచ్చదనం తెప్పించే ఒక విటమిను ఇచ్చి ప్రార్థన వినిపించాడు. సైలోసైబిన్ తీసుకున్నవారిలో దాదాపు అందరికీ దివ్యానుభవం కలిగింది. బాగానే ఉంది, కానీ ఆ ఇరవైమందీ మతవిద్య చదువుతున్న విద్యార్థులు, రోజు గుడ్ ఫ్రైడే, కూచున్నది గుడిలో! పైగా ఎవరికి ఏది ఇచ్చారో కాసేపటికే అందరికీ తెలిసిపోయింది. ఒకతను అదుపు తప్పితే అతనికి మత్తిచ్చి శాంతపరచిన విషయం 1991లో రిక్ డాబ్లిన్ తవ్వి తీసేదాకా బయటికి రాలేదు. 2006లో జాన్స్ హాప్కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ బృందం ఇంకా జాగ్రత్తగా చేసింది. పాల్గొన్న 36 మందిలో మూడింట రెండువంతుల మంది దాన్ని తమ జీవితంలోని అయిదు గొప్ప అనుభవాల్లో ఒకటిగా చెప్పారు. వాళ్ళూ ముందునించీ ప్రార్థన, ధ్యానం వంటి అలవాట్లున్నవారే.

ఇక్కడిదాకా నేను కృష్ణమూర్తి పక్షం. కానీ 2016లో హాప్కిన్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల ఫలితాలు వచ్చాయి. సైలోసైబిన్ ఇచ్చాక క్యాన్సర్ రోగుల్లో చాలామందికి దిగులు, భయం తగ్గాయి, నెలల తరబడి తగ్గే ఉన్నాయి. చావు ఎదురుగా ఉన్నవాళ్ళతో “అది నీ జ్ఞాపకమేనమ్మా” అంటే ఏం లాభం? ఆయన ప్రశ్న సత్యాన్ని గురించి, వాళ్ళకి కావలసింది ఉపశమనం. హక్స్‌లీ కూడా గొంతు క్యాన్సరుతో పోతూ, 1963 నవంబరు 22న, మాట రాక కాగితం మీద రాసి అడిగి, భార్య చేత ఎల్‌ఎస్‌డీ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. అది తప్పని నేను అనలేను.

కాబట్టి రెండు ప్రశ్నల్ని కలిపేయకూడదు. కలిపేస్తే ఏమవుతుందో నాకు మన హాస్టల్లోనే కనిపించింది. కొడైకెనాల్ వెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లు విని ఒకమ్మాయి, “ఒక్కసారి ఆ మష్రూమ్ తింటే డిప్రెషన్ పోతుందటే, రీసెర్చ్‌లో ఉందట” అంది. తనకి నిజంగానే డిప్రెషన్ ఉంది, మాత్రలు వాడుతోంది. రీసెర్చ్‌లో ఉన్నమాట నిజమే. అక్కడ మోతాదు తూచి ఇస్తారు, పక్కనే ఇద్దరు శిక్షణ పొందినవాళ్ళు కూచుంటారు, ముందూ వెనకా రోజుల తరబడి మాట్లాడతారు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వంటి జబ్బుంటే అసలు చేర్చుకోరు. కొండమీద ఏరుకొచ్చిన పుట్టగొడుగులో మందెంతో అమ్మేవాడికే తెలీదు, అది విషపు రకం కాదన్న పూచీ కూడా లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అది నేరం, ఆ సంగతి వేరే.

ఇదంతా ఆ పిల్లకి చెప్పాను. విని, “అయితే డాక్టరుగారినే అడుగుదాంలే, నువ్వూ రా” అంది. శుక్రవారం సాయంత్రానికి అపాయింట్‌మెంటు దొరికింది.