బొమ్మ పక్కన కూర్చో, చిన్నీ

పుల్లలచెరువు

చిన్నీ,

నువ్వు ఆర్ట్ థెరపీ చదువుతున్నానని చెప్పినప్పటి నుంచి వీధిలో కనబడిన వాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను, మా మనవరాలు బొమ్మలు వేయించి మనుషుల మనసు కుదుటపరిచే పని నేర్చుకుంటోందని. “బొమ్మలేస్తే దిగులు పోతుందా టీచరమ్మా?” అంటే, నోట రాని దిగులు ఒక్కోసారి చేతిలోంచి బయటికొస్తుందమ్మా అన్నాను.

నువ్వు చెప్పిన ఆ ఇంగ్లండు చిత్రకారుడు ఏడ్రియన్ హిల్, క్షయతో శానిటోరియంలో ఉండి తనకోసం బొమ్మలు వేసుకుంటూ, తోటి రోగుల చేతికీ పెన్సిల్ ఇచ్చి, 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడన్నది నాకు భలే నచ్చింది. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ సంగతి విన్న రాత్రి మాత్రం నిద్ర పట్టలేదే. నాజీలు టెరెజిన్‌లో బంధించిన పిల్లలకు దొరికిన కాగితం ముక్కల మీదే బొమ్మలు నేర్పి, వేసినవాళ్ల పేరు వాళ్లచేతే రాయించి, 1944 అక్టోబరులో తనను ఆష్విట్జ్‌కు తీసుకుపోయి చంపేలోపే దాదాపు 4,500 బొమ్మలు రెండు పెట్టెల్లో దాచి పోయిందట ఆ తల్లి. పేరు రాయించింది చూడు, అన్నీ లాగేసుకున్న చోట కూడా పిల్లలకు తమదంటూ ఒకటి మిగలాలని ఆమెకు తెలుసు. ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రేమర్ తర్వాత అమెరికాలో ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో ఒకరయ్యారంటే, మంచి టీచరు చెయ్యి ఎంత దూరం సాగుతుందో కదా.

మన వైపు వానలు లేని ఏడు అమ్మానాన్నలు పనులు వెతుక్కుంటూ హైదరాబాదుకో బెంగుళూరుకో పోతే, అవ్వాతాతల దగ్గర మిగిలిపోయే పిల్లలు నా తరగతిలో ఎప్పుడూ ఉండేవాళ్లు. వాళ్లలో ఒకడు నోరు విప్పడు. మార్కాపురం పలక మీద బస్సు వేస్తాడు, చెరుపుతాడు, మళ్లీ బస్సే వేస్తాడు. ఎక్కాలు రాయమని కసరబుద్ధి కాక, ఇంకో పలక తెచ్చుకుని వాడి పక్కన కూర్చుని నేనూ చెట్టో గుడో వేసుకునేదాన్ని. కొన్నాళ్లకు వాడే, ఎవరూ అడక్కుండా, బస్సు కిటికీలో ఒక మనిషిని గీసి “మా అమ్మ టీచర్” అన్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం మారు అడిగి పెట్టించుకున్నాడు.

అందుకేనమ్మా, బొమ్మ చూసి మనిషిని తేల్చెయ్యకు. అంతా నల్లగా వేస్తే దుఃఖమనుకోవద్దు, డబ్బాలో ఆ ఒక్క క్రేయానే మిగిలి ఉండొచ్చు. దీని గురించి చెబుతావా అని అడుగు, చెప్పకపోతే ఊరుకో, బాగుందనీ బాగాలేదనీ మార్కులు వెయ్యకు. పెన్సిల్ చేతి అదుపులో ఉంటుంది, నీళ్లరంగు తన దారిన తాను పారుతుంది, బంకమట్టి కోపంతో పిసికినా ఓర్చుకుంటుంది, ఎవరికి ఏది కావాలో చూసి ఇవ్వాలని మీ మేడం చెప్పారన్నావే, ఆ ఓపిక నీకుంది. వాళ్లు వేసింది వాళ్ల సొత్తు, ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికీ పంపకు. ఏ పిల్లైనా చచ్చిపోవాలనుందంటే మాత్రం రంగులు పక్కన పెట్టి, పిల్లను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి చేర్చాలి. ఆ 14416, టెలీ మానస్ నంబరు, రాత్రీ పగలూ తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారట కదా, మన బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను.

నా బెంగంతా నీ గురించే. పక్కపిల్లకు బలపం లేదని నీది విరిచి పెద్దముక్క తనకిచ్చి, చిన్నముక్కతో వేళ్లు నొప్పెట్టేదాకా రాసుకున్న దానివి నువ్వు. అందరి దిగులూ గదికి మోసుకొచ్చి అన్నం మానేస్తావేమోనని భయం. సాయంత్రం నీకోసం నువ్వొక బొమ్మ వేసుకో, నాక్కూడా చూపించక్కర్లేదు. మనసు బరువెక్కితే మేడంతో చెప్పుకో. అది కూడా చదువులో భాగమే.

చదువయ్యాక ఏ ఊళ్లో ఉద్యోగమొచ్చినా సంతోషమే గానీ, సెలవులకు వచ్చినప్పుడు మన బడి పిల్లలతో ఒక పూట కూర్చో తల్లీ. హెడ్మాస్టరుగారు సరేనన్నారు. ఏ రంగులు ఎన్ని కావాలో రాసి పంపు, మార్కాపురం పోయి నేనే తెస్తాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ