ముసురు పట్టిన సముద్రానికి మూడు రంగులు

జూలైలో విశాఖ తీరాన మబ్బు దిగగానే రంగుల పెట్టె మొత్తం పరిచే పిల్లలకు ఈ ఐదు మాటలు.

1. మూడే నీటిరంగు ట్యూబులు తీసుకోండి: అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్. తెలుపు కాగితమే ఇస్తుంది. నలుపు ఇంట్లో ఉంచండి. నీలంలో సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగుకు ఉన్న ప్రాణం ట్యూబు నలుపుకు లేదు. నీలం మోతాదు పెంచితే వానమబ్బు, సియెన్నా పెంచితే తడి ఇసుక. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు ఆ ఎరుపు ఇనుప ఆక్సైడు వల్లే వచ్చింది. సియెన్నాలో ఉన్నదీ అదే. మన తీరానికి ఇంతకన్నా దగ్గరి రంగు నాకు తెలియదు.

2. ముందు అగ్గిపెట్టెంత పెన్సిల్ బొమ్మ వేసి, ఏది అన్నిటికన్నా ముదురో, ఏది అన్నిటికన్నా లేతో తేల్చుకోండి. కళ్లు చికిలిస్తే తెలిసిపోతుంది. 1870ల్లో చిత్రకారుడు విస్లర్ వేసిన థేమ్స్ నది రాత్రులు చూడండి. నీలం, బూడిద ఛాయల మధ్యే దాదాపు అంతా నడిపి, ఎక్కడో నాలుగు దీపపు చుక్కలు పెట్టాడు.

3. మబ్బురోజున నురగ తెల్లగా ఉండదు. ఇక్కడే చాలా బొమ్మలు పాడవుతాయి. కెరటం విరిగే అంచున ఒక్కచోట మాత్రం కాగితాన్ని ముట్టకుండా వదలండి. మిగతా నురగంతా పల్చటి బూడిదే. వంగిన కెరటం కడుపు చూడండి, ముదురు అక్కడుంది. ఒడ్డుకొచ్చేసరికి ఇసుక కలిసి నీళ్లు మట్టిపచ్చగా మారతాయి. ఓకర్‌లో నీలం చుక్క చాలు. అల వెనక్కి తగ్గాక తడి ఇసుకలో ఆకాశం కాసేపు కనిపిస్తుంది, నీళ్లు ఇంకగానే ముదురు గోధుమరంగు మిగులుతుంది. కుంచె పట్టే ముందు ఈ మార్పును పదే పదే చూడండి.

4. సముద్రగాలి తేమకు వాష్ (పల్చటి రంగు పూత) తొందరగా ఆరదు. మబ్బులకు అది వరమే, అంచులు మెత్తగా కరుగుతాయి. కానీ కాగితం మెరుపు తగ్గాక నీళ్ల కుంచె పెడితే మరకలు పూస్తాయి. 300 జీఎస్ఎం కాటన్ కాగితమే వాడండి. ఆరితే రంగు లేతబడుతుంది కాబట్టి ఒక పాలు ముదురుగానే వేయండి.

5. ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ వేస్తే, కొండ అంచును ఒకవైపే గట్టిగా ఉంచండి. వాన పడుతున్న వైపు తడి కుంచెతో లాగేయండి, నీటిగీతతో సహా.