వేరు ఒక్కటే, అర్థాలే వేరు

చి. అమ్ములును పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఇంగ్లీషు మాటల పట్టీ చూశాను. లా కాలేజీలో చేరకముందే ఇంత శ్రద్ధగా కూర్చున్నందుకు చాలా సంతోషం. కానీ తల్లీ, దాన్ని అలాగే బట్టీ పట్టొద్దు. 'స్క్రైబ్' అంటే రాయడం, 'ప్రీ' అంటే ముందు, 'ప్రో' అంటే ముందుకు అని కూడికలు వేసుకుంటే ప్రిస్క్రైబ్, ప్రోస్క్రైబ్ రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి మొదటిది విధించడం, రెండోది నిషేధించడం. ఒక్క అక్షరం పొరపడితే ఉత్తర్వు తలకిందులవుతుంది.

ప్రోస్క్రైబ్ సంగతి రోములో తెలుస్తుంది. బహిరంగంగా రాసి పెట్టడమే దాని మూలమైన లాటిన్ మాటకు అసలు అర్థం. అమ్మకం ప్రకటనకూ అదే వాడేవారు. క్రీ.పూ. 82లో రోమన్ సేనాని సుల్లా నగరాన్ని చేజిక్కించుకుని, శత్రువుల పేర్లు రాయించి నలుగురూ తిరిగే ఫోరమ్‌లో పెట్టించాడు. పట్టీలో పేరున్నవాణ్ణి ఎవరైనా చంపొచ్చు. చంపినవాడికి బహుమానం, చచ్చినవాడి ఆస్తి జప్తు. క్రీ.పూ. 43లో ఆంటోనీ, ఆక్టేవియన్, లెపిడస్ కలిసి మళ్ళీ అలాంటి పట్టీ వేస్తే అందులో సిసిరో పేరు ఎక్కింది. ఆంటోనీని ఎండగడుతూ ప్రసంగాలు రాసిన మనిషి ఆయన. తలతోపాటు చేతులూ నరికి, ఆయన మాట్లాడిన వేదిక మీదే పెట్టారు. ఆ మాటకు నిషేధం అన్న అర్థం ఊరికే రాలేదు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెట్టింది. 1936లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒకే పుస్తకం అటు ప్రిస్క్రైబ్డ్, ఇటు ప్రోస్క్రైబ్డ్!

ప్రిస్క్రిప్షన్ అనగానే నీకు డాక్టరు చీటీ గుర్తొస్తుంది. మా సివిల్ కోర్టులో దానికి ఇంకో అర్థం. పొరుగువాడి చేను మీదుగా 20 ఏళ్ళు గొడవ లేకుండా, బాహాటంగా, ఆటంకం లేకుండా, నా హక్కే అన్నట్టు బండి తోలుకున్నావనుకో, ఆ దారి హక్కు నీకు సంక్రమిస్తుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, 15వ సెక్షన్. సర్కారు భూమి అయితే 30 ఏళ్ళు. కాగితం ముక్క కూడా లేని హక్కుకు రాతతో పేరేమిటని అడుగుతావు. రోమన్ దావాలో తలభాగాన రాసే షరతుకు ఆ పేరు. ఇంతకాలంగా అనుభవంలో ఉంది కనుక దావా చెల్లదన్న అభ్యంతరం అలా పైన రాసేవారు. పోనుపోను రాత పోయింది, కాలం గడవడమే అర్థంగా మిగిలింది. ఈ మాటలన్నిటిలో నాకు ఇదంటేనే మక్కువ.

సబ్‌స్క్రైబ్ అంటే కింద రాయడం, అంటే అడుగున సంతకం చేయడం. కంపెనీల చట్టంలో ఆ పాత అర్థం ఇంకా నడుస్తోంది: మెమొరాండం అడుగున సంతకం పెట్టేవాళ్ళే సబ్‌స్క్రైబర్లు, పబ్లిక్ కంపెనీకి కనీసం ఏడుగురు ఉండాలి. డిస్క్రైబ్, ట్రాన్స్‌క్రైబ్ నీకు తెలిసినవే, వాటి మీద పొద్దు పుచ్చకు.

ధాతువు చుట్టరికం వరకే చెబుతుంది. అర్థం తెలియాలంటే ఆ మాటను ఎవరు, ఎక్కడ, ఎవరి మీద వాడారో చూడాలి. అందుకని వారానికి ఒక్క ధాతువే పట్టుకో. ప్రతి మాటకూ దాని సందర్భం వెతికి, సొంతంగా ఒక వాక్యం రాయి. నిఘంటువులో అర్థం దగ్గరే ఆగిపోకుండా పుట్టుక కూడా చదువు.

వచ్చే వారం నడవడం, తప్పుకోవడం అనే 'సీడ్' తీసుకో: కన్సీడ్, సెసీడ్, ప్రొసీజర్, ప్రెసిడెంట్. ఈ చివరిది పాత తీర్పును చూపే ప్రెసిడెంట్ సుమా. దేశాధ్యక్షుడి ప్రెసిడెంట్ కూర్చోవడం అనే వేరే ధాతువు నుంచి వచ్చింది. చెవికి దాదాపు ఒకటిగా వినిపించినా ఒక పట్టీలో కలపకు. వాక్యాలు రాశాక పోస్టులో వెయ్యి, దిద్ది పంపుతాను. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న